తేల్చుకోకుండానే చేరిన చదువు

ఇంటర్ పరీక్షలు అయిపోయిన వేసవిలో నేను ముగ్గురికి మూడు అబద్ధాలు చెప్పాను. ఏం చదువుతావని మా పెద్దనాయన అడిగితే అగ్రికల్చర్ అన్నాను. కాలేజీలో లెక్కలు చెప్పిన సార్ అడిగితే ఇంజనీరింగ్ అన్నాను. మా అవ్వ అడిగితే టీచరునవుతానన్నాను, ఆమెకు తెలిసిన ఉద్యోగాల్లో ఆమె గౌరవించేది అదొక్కటే కాబట్టి. ఎవరికి ఏది చెబితే మాట అక్కడితో ఆగిపోతుందో అది చెప్పేదాన్ని. అసలు సంగతేమిటంటే ఏం చదవాలో నాకు తెలియదు. తెలియదని చెప్పడానికి సిగ్గు.

మాది బెళుగుప్ప దగ్గర ఒక చిన్న పల్లె. నాయనకు గొర్రెల మంద ఉంది. మా వైపు వాటిని జీవాలంటారు. వానొస్తే చెనక్కాయ, అంటే వేరుశనగ, వేసే చేను కూడా కొంత ఉంది, దాన్ని ఎక్కువగా అమ్మే చూసుకుంటుంది. ఎండాకాలం మా దగ్గర మేత దొరకదు. అందుకని నాయన ఇంకో ఇద్దరు ముగ్గురు కాపర్లతో కలిసి మందను తుంగభద్ర కాలువ కింది ఊళ్లకు తోలుకుపోతాడు, మా వైపు వానలు పడి మేత మొలిచాక తిరిగొస్తాడు. ఆ ఏడాది మాత్రం మందను చిన్నాన్నతో పంపి తను ఇంటి దగ్గరే ఉండిపోయాడు. నా చదువు సంగతి తేలేదాకా కదలనని అమ్మతో అన్నాడట. నాతో అనలేదు. అమ్మ చెప్పాక నాకు అన్నం సయించడం కూడా కష్టమైంది.

నా మూడు అబద్ధాలూ ఒకే రోజు బయటపడ్డాయి. ఊళ్లో ఒక కొత్తింటి గృహప్రవేశం. లెక్కల సార్ ఆ ఇంటివాళ్లకు ఏదో బంధుత్వం ఉండి వచ్చాడు. భోజనాల వరసలో మా పెద్దనాయన పక్కనే కూర్చున్నాడు. నేను పప్పు బకెట్టు పట్టుకుని వడ్డిస్తున్నాను.

"మా పాప వ్యవసాయం చదువుతాదంట సార్," అన్నాడు పెద్దనాయన.

"అదేంది, ఇంజనీరింగ్ అని నాతో చెప్పిందే," అన్నాడు సార్.

ఎదురు వరసలో ఉన్న అవ్వ తలెత్తింది. "టీచరు కదప్పా. నాతో ఒట్టేసి చెప్పినాది."

ముగ్గురూ నా వైపు తిరిగారు. గరిటె ఎత్తినచోటే ఆగిపోయింది.

"ఏమ్మా, ఏది నిజం?" అని సార్ అడిగాడు.

"ఇంకా ఏమీ అనుకోలేదు సార్."

ఆ వరసంతా నవ్వింది. ఎవరూ నన్ను నొప్పించాలని నవ్వలేదు, ఇప్పుడు తలుచుకుంటే నాకే నవ్వొస్తుంది. ఆ రోజు మాత్రం బకెట్టు అక్కడే పెట్టేసి పెరట్లోకి వెళ్లిపోయాను. ఇంటికి నడిచి వస్తున్నప్పుడు నాయన ఒకే మాట అన్నాడు.

"తెలీకుంటే తెలీదని చెప్పొచ్చు గదా పాపా. దానికి అబద్ధమేంటికి?"

చదువంటే ఇష్టం లేక కాదు. అన్నీ కొంచెం కొంచెం ఇష్టం. చెట్ల గురించి చదువుతుంటే అదే బాగుందనిపించేది. లెక్క తెగితే రోజంతా హుషారుగా ఉండేది. తెలుగు పాఠంలో ఏదైనా కథ వస్తే పరీక్షకు అక్కర్లేని భాగం కూడా చదివేదాన్ని. నాతో చదివిన ఒకమ్మాయి ఆరో తరగతి నుంచీ నర్సు కావాలనుకుంది, అయింది కూడా. ఆమెను చూస్తే అసూయగా ఉండేది. ఆమెకు మార్కులు నాకంటే తక్కువే, కానీ ఎటు పోవాలో ఆమెకు తెలుసు.

జూన్ చివర్లో నాకు రెండు చోట్ల సీటొచ్చింది. ఒకటి హైదరాబాద్‌లో చాలా పెద్ద యూనివర్సిటీ. వేలమంది పిల్లలు, చెప్పుకుంటూ పోతే అయిపోనన్ని డిపార్టుమెంట్లు. అందులో నాకు కెమిస్ట్రీ వచ్చింది. రెండోది అనంతపురం నుంచి కళ్యాణదుర్గం వచ్చే రోడ్డు మీద, రాళ్ల గుట్టల నడుమ, కొత్తగా పెట్టిన చిన్న యూనివర్సిటీ. మొత్తం పిల్లలు మా మండలం హైస్కూల్లో ఉన్నంతమందే. రెండింటికీ ఒకే శుక్రవారం గడువు. ఫీజులో పెద్ద తేడా లేదు, రెండు చోట్లా హాస్టలుంది. కాబట్టి వాటి మీదికి నెట్టేసి తప్పించుకునే వీలు కూడా లేకపోయింది.

ఊళ్లో అడిగినవాళ్లందరూ ఒకటే మాట. హైదరాబాద్‌లో సీటొస్తే ఆలోచించేదేముంది అని. అమ్మ మాత్రం దగ్గరుంటే బాగుంటుందని ఒకసారి అని, మళ్లీ తనే, "నా మాటిని ఆగిపోవద్దులే," అంది. నాయన "నీ ఇష్టం" అన్నాడు. ఆ వేసవిలో నాకు అన్నిటికంటే కష్టమనిపించిన మాట అదే.

దారి చూపించింది మా అత్త. నాయనకు చెల్లెలు. కళ్యాణదుర్గంలో ఉంటుంది, అనంతపురం బస్సులో కండక్టరు. ఇరవై ఏళ్లుగా ఆ రోడ్డు మీద కాలేజీ పిల్లల పాసులు చూస్తున్న మనిషి. నేను ఫోన్ చేసి ఏడుపు గొంతుతో విషయం చెబితే, "ఇంట్లో కూచ్చోని గింజుకుంటే ఏం తెలుస్తాది మ్మే? రెండూ చూసిరా పో. పెండ్లిచూపులకు పోయినట్ల పోవద్దు. ఆడ బతకబోయేదాని మాదిరి పో," అంది.

నాయనా నేనూ ముందు హైదరాబాద్ పోయాం. రైలు దిగి, రెండు సిటీ బస్సులు మారి, ఆ యూనివర్సిటీ గేటు చేరేసరికి పది దాటింది. గేటు నుంచి ఆఫీసుకు పోవడానికి మళ్లీ లోపల ఇంకో బస్సు. నాయన కిటికీలోంచి చూస్తూ, "మన ఊరు, పక్క రెండూళ్లు ఇందులో పట్టేట్టుండాయి," అన్నాడు. చెట్ల నీడ రోడ్డంతా పరుచుకుని ఉంది. లైబ్రరీ మెట్ల మీద పిల్లలు కూర్చుని ఏదో వాదించుకుంటున్నారు. ఒకచోట నాటకం రిహార్సలు, ఇంకోచోట ఎవరో పెద్దాయన ఉపన్యాసం ఉందని బోర్డు. అక్కడ ఉండాలనిపించింది. ఆ మాట దాచడం ఎందుకు, ఆ అరగంట నా మనసు పూర్తిగా అటే ఉంది.

అడ్మిషన్ల హాల్లో వరసలు వరసలుగా జనం. మా వంతు వచ్చినప్పుడు, కెమిస్ట్రీలో చేరి తర్వాత వేరేదానికి మారొచ్చా అని అడిగాను. అక్కడ కూర్చున్న అతను మర్యాదగానే చెప్పాడు.

"మారొచ్చమ్మా. ఏడాది తర్వాత, ఖాళీ ఉంటే, మార్కులుంటే. దేనికి మారాలనుకుంటున్నావు?"

"అది ఇంకా తెలీదు సార్."

అతను "తెలిశాక రామ్మా," అని తర్వాతి వాళ్లను పిలిచాడు. ఆయన తప్పేమీ లేదు. నా వెనక అంత పొడుగు వరసుంది.

హాస్టలు చూపించడానికి ఒక సీనియర్ అమ్మాయి వచ్చింది. మాట వినగానే మా వైపు మనిషని తెలిసిపోయింది. తనకల్లు దగ్గర ఒక పల్లెటూరట. మా నాయనను "మామా" అని పిలిచింది, ఆయన మొహం తేటపడింది. నాయన కింద వాచ్‌మన్‌తో మాట్లాడుతుంటే మేమిద్దరం మూడో అంతస్తు వరండాలో నిలబడ్డాం.

"ఎట్లుండాది అక్కా ఈడ?" అన్నాను.

"నాకైతే స్వర్గం," అంది. "మా ఊర్లో నేను యాడికి పోయినా ఎవురో ఒకరు చూసి ఇంట్లో చెప్తాండ్రి. ఈడ నన్నెవురూ చూడరు. నాకు ఫిజిక్స్ తప్ప ఇంకోటి వద్దు, దానికి కావాల్సిందంతా ఈడుండాది. పెద్ద పెద్దోళ్లు పాఠం చెప్తారు. మొదటేడు రెండొందల మందితో ఒకే హాల్లో కూచ్చున్నా. మా సార్‌కు నా పేరు ఇప్పటికీ తెలీదు. నాకు దాంతో పనిలేదు."

తర్వాత నన్నడిగింది. "నువ్వేం చేయాలనుకుంటాండావు?"

అలవాటుగా ఏదో ఒకటి చెప్పబోయి ఆగాను. "తెలీదక్కా."

ఆ అమ్మాయి రెయిలింగ్ మీద చేతులు ఆనించి కిందికి చూసింది. "నా రూమ్మేటు అట్లనే వచ్చినాది. చూద్దాంలే అని. మంచి పిల్ల. రెండేండ్లు చూస్తానే ఉన్నాది. ఈడ నీకు తెలుసంటే అన్నీ దొరుకుతాయి. తెలీదంటే, నీకు తెలీదని కూడా ఎవురికీ తెలీదు. నువ్వే పోయి అడగల్ల. అడిగే మనిషివేనా నువ్వు?"

నేను అడిగే మనిషిని కాదు. అబద్ధం చెప్పి తప్పించుకునే మనిషిని. అది నాకు ఆ వరండాలో స్పష్టంగా తెలిసింది. తెలిసినా ఆ మెట్లు, ఆ నీడ వదిలి రావడానికి మనసు ఒప్పలేదు. తిరుగు రైల్లో నాయన తెచ్చుకున్న బొరుగులు నములుతూ కూర్చున్నాడు.

బుధవారం అత్త బస్సెక్కి రెండోదానికి పోయాం. బెళుగుప్ప నుంచి కళ్యాణదుర్గం దాకా షేర్ ఆటో, అక్కడ అత్త బస్సు. దిగేటప్పుడు అత్త, "సాయంత్రం నాలుగింటికి ఇట్లనే తిరిగొస్తా, ఈడనే నిలబడండి," అని విజిలేసింది. బస్సు పోయాక ఎదురుగా చూస్తే నాకు నీరసమొచ్చింది. ఎర్రమట్టి, రాళ్లు, వాటి మధ్య మూడు బిల్డింగులు, సగం కట్టి ఆగిన నాలుగోది. మొక్కలు పెట్టారు కానీ ఒక్కటీ నా భుజం దాటలేదు. గాలి మాత్రం విపరీతం. హైదరాబాద్ లైబ్రరీ గుర్తొచ్చి కళ్లలో నీళ్లు తిరిగాయి. దుమ్ము పడిందన్నట్టు తుడుచుకున్నాను.

లోపల ఒక మేడమ్, యాభై ఏళ్లుంటాయి, చీర కొంగు నడుముకు దోపి ఒక గదిలోంచి ఇంకో గదిలోకి కుర్చీలు మోస్తోంది. ఆమెతో ఇద్దరు ఆఫీసువాళ్లు. మమ్మల్ని చూసి, "అడ్మిషనా? ఒక్క పది నిమిషాలు. ఆ గదిలో ఫ్యాన్లు తిరగడం లేదు, మధ్యాహ్నం మీటింగుంది," అంది. నాయన ఏమీ అడక్కుండా రెండు చేతులతో రెండు కుర్చీలెత్తాడు. నేనూ ఎత్తాను. పని అయ్యాక ఆమె మాకు మంచినీళ్లు ఇచ్చి, అక్కడే ఫ్యాను కింద కూర్చోబెట్టింది. అప్పుడు తెలిసింది ఆమె ప్రొఫెసరని.

"ఇక్కడ ఏం లేవో ముందు చెప్తాను," అని మొదలుపెట్టింది. ఆమెది కోస్తా మాట. "ఆరే డిపార్టుమెంట్లు. కెమిస్ట్రీ ల్యాబు పెద్దది కాదు. లైబ్రరీ రెండు గదులు. ఊళ్లోకి పోవాలంటే గంటకో బస్సు. సినిమా హాలు లేదు. వేసవిలో నీళ్ల ట్యాంకరు రావాలి."

"మరి ఏముండాయి మేడమ్?" అన్నాడు నాయన.

"మొదటి ఏడాది అందరూ అన్నీ చదువుతారండీ. కొంచెం లెక్కలు, కొంచెం ఎకనమిక్స్, భూమి గురించి, నీళ్ల గురించి, సాహిత్యం. ఏడాది చివర్లో ఎంచుకోవాలి. ఒక క్లాసులో నలభైమందికి మించరు. ఎవరు ఏంటో మాకు తెలిసిపోతుంది. అది కొంతమందికి నచ్చదు కూడా."

తర్వాత నా వైపు తిరిగింది. ఏం చదువుతావని అడుగుతుందని సిద్ధంగా ఉన్నాను. ఆమె అది అడగలేదు.

"ఎవరూ ఏ పనీ చెప్పని రోజు ఏం చేస్తావమ్మా?"

ఆలోచించి చెప్పాను. నాయన మందతో పోయినప్పుడు ప్రతి సాయంత్రం ఫోన్ చేసి ఏ ఊళ్లో దిగిందీ చెబుతాడు. అమ్మకు గుర్తుండదని నేను పాత నోట్‌బుక్‌లో రాసేదాన్ని. ఊరు, అక్కడ మేత ఎట్లుంది, నీళ్లున్నాయా, ఎన్ని రోజులున్నారు. ఏడో తరగతి నుంచీ రాస్తున్నాను. ఏ ఏడాది ఏ దారిన పోయారో గీతలు గీసి చూసుకుంటాను. ఎందుకో నాకే తెలియదు.

నాయన ఆశ్చర్యంగా నా వైపు తిరిగాడు. "ఇదెప్పుడు రాసినావు? నాకు చెప్పనే లేదే."

"అది ఏ సబ్జెక్టు కిందికి వస్తుంది మేడమ్?" అన్నాను.

ఆమె నవ్వింది. "నాకూ తెలీదమ్మా. నాలుగైదింటి కిందికి రావచ్చు. దేనికీ రాకపోవచ్చు. ఇప్పుడే తేల్చాల్సిన పనేముంది?"

అప్లికేషన్ కాగితం ఇచ్చింది. ప్రధాన సబ్జెక్టు అన్నచోట ఆరు గళ్లున్నాయి, వాటి కింద ఏడో గడి. తెలుగులో కూడా అచ్చేశారు కాబట్టి నాయన వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివాడు. "తరువాత నిర్ణయించుకుంటాను." చదివి నాకు చూపించాడు.

"ఇట్లా చెప్పేదానికి గడి పెట్టినారే," అన్నాడు.

నాకు ఎంత తేలికపడిందో చెప్పలేను. మూడు నెలలుగా నేను దాచుకుంటున్న మాటను ఎవరో మామూలు సంగతిలా కాగితం మీద వేసి ఉంచారు. అంటే నాకంటే ముందు వచ్చినవాళ్లలో కూడా తెలియనివాళ్లు ఉన్నారు. వాళ్లు ఇక్కడే తిరుగుతూ, అన్నం తింటూ, పాఠాలు వింటూ ఉన్నారు.

నాలుగింటికి అత్త బస్సొచ్చింది. జనం తక్కువ. టిక్కెట్లు కొట్టడం అయ్యాక అత్త నా పక్క సీట్లో కూర్చుంది. ఆమె అడక్కముందే నా భయం బయటపెట్టాను.

"అత్తా, హైదరాబాద్ అంటే భయపడి ఈడ చేరుతాండానేమో. రేపు అందరూ అదే అంటారు. నాకూ అదే అనిపిస్తాది."

"భయపడి చేరుతాండావా, ఇష్టపడి చేరుతాండావా?"

"రెండూ."

"రెండూ అయితే చేరు. ఒట్టి భయమైతే మాత్రం వద్దు," అంది. "నేను ఈ ఉద్యోగానికి వచ్చినప్పుడు బెంగళూరులో బట్టల ఫ్యాక్టరీలో కూడా పని వచ్చినాది. ఆడికి భయపడినా. ఈ బస్సును ఇష్టపడినా కూడా. అప్పుడు రెండూ ఉన్నాయి. ఇప్పుడు భయం యాడుండాదో ఎతుక్కోవల్ల."

స్టేజీ రాగానే లేచి వెళ్లిపోయింది. అత్త బెంగళూరు సంగతి నేను వినడం అదే మొదటిసారి.

ఇంటికి రాగానే పెద్దనాయన అరుగు మీద ఎదురుచూస్తున్నాడు. విని మండిపడ్డాడు. "హైదరాబాద్‌లో సీటు ఇడిసిపెట్టి ఆ రాళ్లగుట్టకు పోతాదంటనా? ఏమప్పా, నీకన్నా బుద్ధి ఉండాదా లేదా?" అని నాయన మీదికి వెళ్లాడు. నాయన కాళ్లు కడుక్కుంటున్నాడు. తువ్వాలుతో తుడుచుకుని నిదానంగా చెప్పాడు.

"రెండూ సూసొచ్చినాం అన్నా. పెద్దది శానా బాగుండాది. అబద్ధమేంటికి. కానీ ఆడ పాప అబద్ధం చెప్పుకుంట తిరగల్ల. ఈడ నిజం చెప్పొచ్చు."

నాయన నా తరఫున అంత మాట్లాడటం నేనెప్పుడూ చూడలేదు. పెద్దనాయన ఇంకాసేపు గొణిగి, అమ్మ ఇచ్చిన టీ తాగి, "మీ ఇష్టం," అని లేచిపోయాడు. ఆ మాట ఈసారి నాకు బరువనిపించలేదు.

గురువారం పొద్దున ఏడో గడిలో టిక్కు పెట్టాను. తర్వాత హైదరాబాద్‌కు ఫోన్ చేశాను. ఎందుకు వదులుకుంటున్నావని అడుగుతారని, ఏం చెప్పాలో కాగితం మీద నాలుగు వాక్యాలు రాసుకున్నాను. అవతల అమ్మాయి నంబరు అడిగి, కీబోర్డు టకటకలాడించి, "సరేనండీ, క్యాన్సిల్ అయింది. మీ తర్వాత వెయిటింగ్‌లో ఉన్నవాళ్లకు వెళ్తుంది," అంది. అంతే. ఫోన్ పెట్టేసి చేను దాకా నడిచాను. గట్టు మీద కూర్చుంటే భుజాలు నొప్పిగా ఉన్నాయి. ఎన్నాళ్లుగా వాటిని బిగబట్టుకుని తిరిగానో అప్పుడు తెలిసింది. నాయన ఆ ఆదివారమే జీవాల దగ్గరికి బయలుదేరి పోయాడు.

చేరాక అంతా బాగుందని చెబితే అది నాలుగో అబద్ధమవుతుంది. మొదటి నెల గాలికీ దుమ్ముకీ దగ్గు పట్టుకుంది. అందరికీ అందరూ తెలుసు కాబట్టి, ఎవరితోనైనా పోట్లాడితే తప్పించుకుని తిరగడానికి చోటుండదు, మెస్సులో మళ్లీ వాళ్ల ఎదురుగానే కూర్చోవాలి. హైదరాబాద్‌లో హాస్టలు చూపించిన సీనియర్ అమ్మాయి ఫోన్ చేసి ఏ ఉపన్యాసానికి పోయిందో, ఏ నాటకం చూసిందో చెబుతుంటే ఈర్ష్యగా ఉండేది. ఆమె ఫోన్ నంబరు తీసుకున్నందుకు మాత్రం ఇప్పటికీ సంతోషమే. ఆమె అక్కడ బాగా చదివింది. ఆమెకు అదే సరైన చోటు.

మొదటి సెమిస్టరు మధ్యలో పెట్టిన స్టాటిస్టిక్స్ పరీక్ష తప్పాను. నా జీవితంలో తప్పిన మొదటి పరీక్ష. మర్నాడు తలనొప్పని చెప్పి క్లాసుకు పోలేదు. ఆ తర్వాతి రోజు కూడా పోలేదు. మూడో రోజు ఆ సబ్జెక్టు చెప్పే సార్ హాస్టలు వార్డెన్ చేత కబురు పంపాడు. మా సార్ మితభాషి, చిన్న వయసువాడు. భయపడుతూ వెళ్లాను.

"తలనొప్పి తగ్గిందా?"

మళ్లీ అలవాటు నోటిదాకా వచ్చింది. మింగేశాను. "తలనొప్పి లేదు సార్. సిగ్గేసి రాలేదు. నాకు ఆ పాఠం మొదటి నుంచీ అర్థం కాలేదు."

"ఎక్కడి నుంచి అర్థం కాలేదు?"

"సగటు అయిపోయిన తర్వాత నుంచి."

"అయితే పెద్ద దూరం పోలేదు," అని పేపర్లు తీశాడు.

వారానికి రెండుసార్లు, మధ్యాహ్నం క్లాసులయ్యాక, నాతోపాటు ఇంకో నలుగురిని కూర్చోబెట్టి మొదటి నుంచి చెప్పాడు. చెప్పిందే మళ్లీ చెప్పేవాడు, విసుక్కునేవాడు కాదు. నవంబరులో ఒకరోజు ఉన్నట్టుండి లెక్కలో ఏం జరుగుతోందో కనిపించింది. అంకెలు ఎందుకు అలా చెదురుతాయో, ఆ చెదరడంలో కూడా ఒక వరస ఎలా ఉంటుందో. ఆ సాయంత్రం పుస్తకం మూయలేకపోయాను. ఏడాది చివర్లో నేను ఎంచుకున్నది స్టాటిస్టిక్స్. హైదరాబాద్‌లో చేరి ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు. కెమిస్ట్రీ కూడా ఇలాగే ఒకరోజు తెరుచుకుని ఉండేదేమో. కానీ రెండొందలమందిలో రెండు రోజులు రాకపోతే నేను మూడో రోజు కూడా వచ్చేదాన్ని కాదు. నా గురించి నాకు ఆమాత్రం తెలుసు.

పోయిన వేసవిలో, మూడో ఏడు అయ్యాక, అడ్మిషన్ల రోజుల్లో సాయానికి నన్ను కూర్చోబెట్టారు. గేటు దగ్గర షామియానా, కింద ఒక బల్ల. నా పని వచ్చినవాళ్లకు చోటు చూపించడం, అడిగింది చెప్పడం. రెండో రోజు ఒక అమ్మాయి వాళ్ల నాయనతో వచ్చింది. ఆయన చొక్కా జేబులో కాగితాలు మడిచి పెట్టుకున్నాడు. ఇక్కడా, విశాఖపట్నంలో ఒక పెద్దచోటా సీటొచ్చిందట.

"ఈడైతే ఇంటికి దగ్గర గదమ్మా. నువ్వే చెప్పు మా పాపకు," అన్నాడాయన.

నేను ఆ అమ్మాయిని అడిగాను. "నీకేం ఇష్టం?"

"సముద్రం," అంది ఒక్క మాటలో. "సముద్రంలో బతికే జీవుల గురించి చదవాల. చిన్నప్పటి నుంచీ అదే. ఇంతవరకు సముద్రం చూడలేదు."

వాళ్ల నాయన నవ్వుతూ తల గోక్కున్నాడు. "మా తట్టు చెర్లోనే నీళ్లుండవు. దీనికి సముద్రం కావల్లంట."

ఆ పిల్ల నవ్వలేదు. బ్యాగులోంచి ఒక ఫైలు తీసింది. పేపర్లలోంచి కత్తిరించిన చేపల బొమ్మలు, తన చేత్తో రాసిన పేర్లు. నేను ఆ పేజీలు తిప్పి చూసి ఆయనకు చెప్పాను.

"మామా, ఈమెకు తెలుసు. ఈమెకు కావాల్సింది మా దగ్గర లేదు. ఈడ చేరితే నాలుగేండ్లు బాధపడతాది. ఆడికే పంపండి. దూరమైనా సరే."

"నువ్వు ఈడ చదివే పిల్లవేనా?" అని ఆయన అనుమానంగా అడిగాడు.

"అవును మామా. నాకు బాగుండాది. నేను వచ్చినప్పుడు నాకేమీ తెలీదు. అందుకే నాకు ఇది సరిపోయినాది."

ఆయన ఇంకో గంటసేపు ఆ షామియానా కిందే కూర్చున్నాడు. ఇద్దరూ మెల్లగా ఏదో మాట్లాడుకున్నారు. పోయేటప్పుడు ఆ అమ్మాయి నా దగ్గరికొచ్చి చేయి గట్టిగా పట్టుకుని వదిలింది. వాళ్లు అనంతపురం బస్సెక్కేదాకా చూశాను.

వెనక నుంచి మా మేడమ్ వచ్చి నిలబడింది. అంతా విన్నట్టుంది. "ఈ ఏడాది సీట్లు నిండాలని మేం తంటాలు పడుతుంటే, వచ్చిన పిల్లను నువ్వు పంపించేశావా?" అంది.

"అవును మేడమ్."

"మంచిపని చేశావులే. అన్నం తిన్నావా?"

తినలేదని చెప్పాను. బల్ల మీది కాగితాలు గాలికి ఎగిరిపోకుండా వాటి మీద ఒక రాయి పెట్టి, ఇద్దరం మెస్సు వైపు నడిచాం.